రిపోర్టులన్నీ బాగున్నాయి, జ్వరం మాత్రం ఉంది

"రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయట కదా, ఇంకా దిగులెందుకు?" అని అడిగేవాళ్లు కొందరు. "ఇన్నాళ్లైనా తేల్చలేదంటే ఆ డాక్టరుకు ఏమీ తెలియదన్నమాట, ఇంకొకరికి చూపించుకో" అనేవాళ్లు కొందరు. "ముందు ఏదో ఒక గట్టి మందు పడితే జ్వరం దిగుతుంది, కారణం సంగతి తరువాత చూసుకోవచ్చు" అనేవాళ్లు ఇంకొందరు. రెండో నెలలోకి అడుగుపెట్టిన జ్వరంతో మంచం మీద కూర్చుని రోజూ ఈ మూడు మాటలూ వింటున్నాను. అందరూ నా మంచి కోరేవాళ్లే. మాటలు మాత్రం మూడూ తప్పని నా వాదన. ఫోనులో అంతసేపు వాదించే ఓపిక లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. సాయంత్రం నాలుగు దాటితే కూర్చోలేను, కాబట్టి ఇదంతా ఉదయం పూట ముక్కలుముక్కలుగా రాసినదే. అతుకులు కనిపిస్తే సర్దుకోండి.

వారాల తరబడి సాగుతూ మామూలు పరీక్షలకు చిక్కని జ్వరం నాకొక్కదానికే వచ్చిన వింతేమీ కాదు. అమెరికాలో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే వైద్యులు 1961లోనే ఇలాంటి వందమంది రోగుల వివరాలు ప్రచురించి, దీనికి కొలతలు పెట్టారు. జ్వరం 38.3 డిగ్రీల సెల్సియస్, అంటే 101 ఫారన్‌హీట్, పలుమార్లు దాటాలి. మూడు వారాలకు మించి సాగాలి. ఆసుపత్రిలో చేర్చుకుని వారం రోజులు వెతికినా కారణం దొరకకపోవాలి. 1991లో డ్యూరాక్, స్ట్రీట్ అనే ఇద్దరు ఆ చివరి షరతును సడలించి, ఆసుపత్రిలో మూడు రోజులు ఉన్నా, బయటి రోగిగా మూడుసార్లు చూపించుకున్నా చాలన్నారు. నాలాంటి వాళ్ల విషయంలో మూడు వారాల గడువు మాత్రం అలాగే ఉంచారు. అది ఊరికే పెట్టిన గడువు కాదు. వైరస్‌ల వల్ల వచ్చే జ్వరాల్లో అధికభాగం ఆలోపే వాటంతటవే పోతాయి. పోగా మిగిలినవాళ్లకోసమే అసలు వెతుకులాట. అంటే ఎదురుచూడడం అనేది ఈ వైద్యంలో మొదటి మెట్టు. చేతకానితనం అని దానికి పేరు పెట్టేవాళ్లు ఈ లెక్క తెలియక పెడుతున్నారు.

ఇక వెతకవలసిన జాబితా సంగతి. ఇలాంటి జ్వరానికి కారణం కాగల జబ్బులు రెండు వందలకు పైగా ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో కాకుండా ఇంకెక్కడో దాక్కున్న క్షయ, కడుపులో ఎక్కడో పట్టిన చీము, గుండె కవాటాల మీద చేరిన సూక్ష్మజీవులు ఒక వైపు. లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సరు), లుకేమియా (రక్త క్యాన్సరు), మూత్రపిండాల క్యాన్సరు ఒక వైపు. లూపస్ లాంటివి, శరీరంలోని రక్షణ వ్యవస్థ తన మీద తానే తిరగబడే జబ్బులు మరో వైపు. ఇవేవీ కాకుండా, ఎప్పటినుంచో వేసుకుంటున్న మాత్రే జ్వరం తెప్పించవచ్చు. ఆ మందు ఆపితే సాధారణంగా రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. అందుకే మంచి డాక్టరు మొదట అడిగేది, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని తీసుకురమ్మని.

ఇంత పెద్ద జాబితా చూసి గుండె జారిపోనక్కరలేదు. వైద్య విద్యార్థులకు చెప్పే మాట ఒకటుంది: తేలని జ్వరం చివరికి తేలినప్పుడు, అది ఎవరూ వినని అరుదైన జబ్బు కావడం కంటే, అందరికీ తెలిసిన జబ్బే వేషం మార్చుకుని రావడం ఎక్కువ. రాత్రి నిద్రపట్టక ఫోనులో లక్షణాలు వెతుక్కునేవాళ్లు (నేనూ వెతికాను, ఎవరు వెతకరు?) ఈ మాటను ఎక్కడైనా రాసిపెట్టుకోవడం మంచిది. ఆ వెతుకులాటలో అరుదైనవే ముందు కనిపిస్తాయి, భయపెట్టేవే మనసుకు అంటుకుంటాయి.

ఇప్పుడు మొదటి మాట. రిపోర్టులు బాగున్నాయంటే జబ్బు లేనట్టేనా?

పరీక్ష ఏదైనా తనను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఛాతీ ఎక్స్‌రే బాగుందంటే ఊపిరితిత్తుల్లో పెద్ద మచ్చ లేదని. వెన్నులోనో కాలేయంలోనో క్షయ ఉందా అని దాన్ని ఎవరూ అడగలేదు, అది చెప్పనూ లేదు. కొన్ని జబ్బులకు రక్తంలో ప్రతిరక్షకాలు పుట్టడానికే రోజులు పడుతుంది, కాబట్టి మొదటి వారంలో లేదన్న పరీక్షే మూడో వారంలో ఉందనవచ్చు. ఇంకొన్నింటికి నిర్ధారించే పరీక్షంటూ ఒకటి లేదు. పెద్దవాళ్లలో వచ్చే స్టిల్ జబ్బునే తీసుకోండి. సాయంత్రం వేళ ఎగబాకే జ్వరం, దానితో పాటు వచ్చి దానితో పాటే మాయమయ్యే లేత గులాబీ రంగు దద్దుర్లు, కీళ్లనొప్పులు, రక్తంలో బాగా పెరిగిన ఫెరిటిన్ (ఇనుమును నిల్వచేసే ప్రొటీను), ఇవన్నీ కలిపి చూసి, మిగతా జబ్బులు కావని తేల్చుకున్న తరువాతే ఆ పేరు పెడతారు. లేదు అని వచ్చిన ప్రతి రిపోర్టూ అక్కడ పనికొచ్చే రిపోర్టే.

రక్తం కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష) తీసే పద్ధతి దగ్గరనుంచి చూసినప్పుడు నాకు ఈ సంగతి బాగా ఎక్కింది. నర్సు మోచేతి మడత దగ్గర మందు రాసి, అది పూర్తిగా ఆరేదాకా ఆగింది. నాకు చలి మొదలై పళ్లు కొట్టుకుంటున్నాయి, ఆమె మాత్రం తొందరపడలేదు. సీసాల మూతల పైభాగాన్ని కూడా తుడిచింది. ఒక సూదికి రెండు సీసాలు, ఒకటి గాలి అవసరమైన క్రిములకు, ఒకటి గాలి పడని క్రిములకు. తరువాత రెండో చేతి నుంచి మళ్లీ అంతా మొదటినుంచి. "ఒకసారి తీశారు కదమ్మా, ఇంకా ఎందుకు?" అన్నాను. "ఒక్క చోటే వస్తే అది మీ చర్మం మీద క్రిమో, రక్తంలో క్రిమో చెప్పలేమండీ. వేర్వేరు చోట్ల అదే వస్తే నమ్ముతాం" అంది. ఆ సీసాలను శరీరమంత వెచ్చగా ఉండే యంత్రంలో పెట్టి మామూలుగా అయిదు రోజులు చూస్తారు. క్రిములు పెరిగితే వదిలే కార్బన్ డయాక్సైడును ఆ యంత్రం పసిగడుతుంది. క్షయ కల్చర్ అయితే ఆరు వారాల దాకా ఆగాలి. క్రిమి పెరగడానికి పట్టే కాలం అది, డాక్టరును ఎంత తొందరపెట్టినా తగ్గదు.

రిపోర్టులు బాగున్నాయన్న మాటలో ఇంకో ముల్లుంది. "అయితే అంతా మనసులోనే ఉందేమో" అన్న మాట దాని వెనకే వస్తుంది. నోటితో అనకపోయినా చూపులో తెలుస్తుంది. కొందరు కావాలనే జ్వరం ఉన్నట్టు చూపిస్తారని వైద్య పుస్తకాల్లో ఉన్న మాట నిజమే, అందుకే ఆసుపత్రిలో నర్సు ఎదురుగా నిలబడి థర్మామీటరు పెట్టించింది. నాకు కోపం రాలేదు. పైగా హాయిగా అనిపించింది. నా మాట మీద కాకుండా నా చంక మీద నమ్మకం పెట్టుకోవడం ఇద్దరికీ మంచిదే. ఇంట్లోవాళ్ల చూపులకు మాత్రం అలాంటి పరిష్కారం లేదు. 102 చూపిస్తున్న థర్మామీటరును మా వదిన చేతికి ఇచ్చాక ఆ ప్రస్తావన ఆగింది.

రెండో మాట, డాక్టరును మార్చమనడం. ఇందులో సగం న్యాయం ఉంది. "తెలియదు" అని చెప్పే డాక్టర్లలో రెండు రకాలుంటారు. తెలియదని చెప్పి, ఇప్పటిదాకా ఏవేవి కావని తేలాయి, తరువాత ఏం చూడాలనుకుంటున్నాను, ఎప్పటికి చూస్తాను అన్నది కూడా చెప్పేవారు ఒక రకం. తెలియదనడం ఇష్టంలేక ఏదో పేరు చెప్పి పంపేసేవారు రెండో రకం. రెండో రకం నుంచి తప్పకుండా లేచి వచ్చేయండి. మొదటి రకం డాక్టరు దొరికితే వదులుకోకండి. మార్చిన ప్రతిసారీ కథ మొదటినుంచి మొదలవుతుంది, అవే పరీక్షలు మళ్లీ, అదే రక్తం మళ్లీ. రోజూ చూసేవారికే తెలిసే మార్పులుంటాయి: నిన్న లేని గ్రంథి ఈ రోజు మెడ పక్కన తగలడం, గుండె చప్పుడులో కొత్తగా ఒక గుసగుస వినిపించడం. కొత్తవారికి ఆ నిన్న ఉండదు. రెండో అభిప్రాయం కావాలంటే తీసుకోవచ్చు, కానీ మొదటివారికి చెప్పి, ఫైలు మొత్తం పట్టుకుని వెళ్లాలి.

మా డాక్టరు గారు వెళ్లిన ప్రతిసారీ చరిత్ర మళ్లీ అడుగుతారు. మొదట విసుగొచ్చేది. కానీ ఆయన అడిగే వాటిలో ఎవరికీ తమంతట తాము చెప్పాలని తోచనివి ఉంటాయి. ఈ మధ్య పన్ను పీకించుకున్నారా? గుండె కవాటం మీద క్రిములు చేరడానికి నోరు ఒక దారి. కాచని పాలు తాగారా, పశువుల దగ్గర పనిచేశారా? బ్రూసెల్లోసిస్ అనే జబ్బు అలా వస్తుంది. ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పటినుంచి వచ్చిపోయే జ్వరాలున్నాయా? నమిలేటప్పుడు దవడ నొప్పి పెడుతుందా? ఈ చివరిది యాభై దాటినవాళ్లకు ముఖ్యం. కణత దగ్గరి రక్తనాళం వాచే జబ్బు గుర్తు అది, పట్టించుకోకపోతే చూపే పోవచ్చు. ఇన్ని పరీక్షలున్న కాలంలోనూ చాలా కేసుల్లో దారి చూపేది ఇలాంటి ఒక్క ప్రశ్నే.

మూడో మాటకు వస్తాను. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కారణం తెలియకుండా గట్టి మందు వేయడమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఎంత మేసిందో, ఏం తొక్కిందో తరువాత ఎవరూ చెప్పలేరు. గుండె కవాటం మీద క్రిములున్న మనిషికి కల్చర్ తీయకముందే యాంటీబయాటిక్ వేస్తే, రక్తంలో క్రిములు తగ్గి కల్చర్ ఏమీ లేదంటుంది. కవాటం మీద మాత్రం అవి అలాగే ఉంటాయి. మందు ఆపిన కొన్నాళ్లకు జ్వరం మళ్లీ వస్తుంది, ఈలోగా కవాటం ఇంకాస్త పాడై ఉంటుంది. ఫ్లోరోక్వినొలోన్ రకం యాంటీబయాటిక్‌లు క్షయ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి. నాలుగు రోజులు హాయిగా అనిపించి, జబ్బు గుర్తింపు మాత్రం వారాలకు వారాలు వెనక్కి పోతుంది.

స్టెరాయిడ్ (రక్షణ వ్యవస్థను అణిచే మందు) సంగతి ఇంకా మోసం. అది దాదాపు ఏ జ్వరాన్నైనా దించుతుంది, ఆకలి పుట్టిస్తుంది, మనిషి లేచి తిరుగుతాడు. చూసినవాళ్లంతా మందు భలే పనిచేసిందంటారు. క్షయ ఉంటే అది లోలోపల విజృంభిస్తుంది. లింఫోమా ఉంటే గ్రంథి కుంచించుకుపోయి, తరువాత ముక్క తీసి చూసినా స్పష్టంగా తెలియకపోవచ్చు. స్టెరాయిడ్‌తో తగ్గింది కాబట్టి ఫలానా జబ్బే అని చెప్పడానికి కూడా వీల్లేదు, అన్నీ దానికి తగ్గుతాయి కనుక. జ్వరం దిగడం వేరు, జబ్బు నయం కావడం వేరు అన్న తేడా ఇంతకంటే తేటగా ఇంకెక్కడా కనిపించదు.

అలాగని ఎప్పుడూ ఆగమని నేను అనడం లేదు. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయినవాళ్లకు, రక్తపోటు పడిపోతున్నవాళ్లకు గంటల్లో మందు పడాలి, కారణం తరువాత. ఇందాక చెప్పిన కణత రక్తనాళం జబ్బులో చూపు మసకబారితే స్టెరాయిడ్ వెంటనే ఇస్తారు, ముక్క పరీక్ష ఆ తరువాత చేస్తారు. మాట తడబడడం, మనుషులను గుర్తుపట్టకపోవడం, ఊపిరి అందకపోవడం, మెడ బిగుసుకోవడం, మూర్ఛ, నొక్కినా రంగు పోని ఎర్రని మచ్చలు, మూత్రం బాగా తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. మా ఆయనకు ఈ జాబితా రాసి ఇచ్చాను. జ్వరంలో మతి తప్పుతున్న మనిషికి తన మతి తప్పుతోందని తెలియదు కదా, చూడవలసింది పక్కవాళ్లే.

మరి ఈలోగా రోజు గడవడం ఎలా? ఇది ఎవరూ చెప్పరు.

నాకు పనికొచ్చినది ముందుగా జ్వరం ఎలా నడుస్తుందో అర్థం చేసుకోవడం. మెదడులో హైపోథాలమస్ అనే చోట శరీరం ఎంత వేడిగా ఉండాలో నిర్ణయమవుతుంది. లోపల పోరాటం జరుగుతున్నప్పుడు పుట్టే రసాయనాల వల్ల ఆ నిర్ణయం పైకి జరుగుతుంది. అనుకున్న వేడి ఇంకా రాలేదు కనుక శరీరానికి చలిగా అనిపిస్తుంది, వణికి వేడి పుట్టించుకుంటుంది. నిర్ణయం కిందికి దిగగానే ఉన్న వేడి ఎక్కువై చెమట పట్టి పోతుంది. ఇది తెలిసిన తరువాత సాయంత్రాలు కాస్త తేలికయ్యాయి. గోళ్లు నీలంగా మారి, ముక్కు కొస చల్లబడితే ఇంకో అరగంటలో ఎంత ఎక్కుతుందో అంచనా వేయగలను. అప్పుడు దుప్పటి కప్పుకోవడంలో తప్పులేదు. వణుకుతున్న మనిషిని చన్నీళ్లతో తుడిస్తే ఇంకా వణుకుతుంది. అర్ధరాత్రి చెమటకు మార్చుకోవడానికి ఒక బట్టల జత, ఒక దిండుగలీబు తలగడ పక్కనే ఉంచుకుంటే దీపం వేసి ఇల్లంతా లేపే పని ఉండదు. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే శరీరం ఖర్చు పెట్టే శక్తి సుమారు పది శాతం పెరుగుతుందంటారు. పనేమీ చేయకుండానే అలసిపోతున్నావెందుకని అడిగేవారికి అదే జవాబు.

ఇక థర్మామీటరు. జర్మనీలో వుండర్‌లిక్ అనే వైద్యుడు సుమారు 25 వేల మంది రోగుల కొలతలు పోగుచేసి 1868లో పుస్తకం వేశాడు. 37 డిగ్రీలు మామూలు అన్న లెక్క అక్కడినుంచి వచ్చినదే. ఆయన వాడిన పరికరం అడుగు పొడవు ఉండేదట, చంకలో ఇరవై నిమిషాలు పెట్టుకోవాలట. 1992లో అమెరికాలో 148 మంది ఆరోగ్యవంతులను కొలిచి చూస్తే సగటు 36.8 వచ్చింది. తెల్లవారుజామున ఆరింటికి అన్నిటికంటే తక్కువ, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య ఎక్కువ. కాబట్టి ఉదయం కొలతను సాయంత్రం కొలతతో పోల్చి "పెరిగిపోతోంది" అని బెంబేలు పడడం వృథా. రోజూ అవే వేళల్లో, అదే చోట, అదే థర్మామీటరుతో కొలవాలి. చలి వచ్చినప్పుడు ఇంకోసారి. పావుగంటకోసారి కొలవడం వల్ల తెలిసేదేమీ లేదు, బతుకంతా ఆ అంకె చుట్టూ తిరగడం తప్ప.

నా నోటుపుస్తకంలో వేళ, అంకె, నాడి, వేసుకున్న మాత్ర, చలీ చెమటా వచ్చాయా అన్నది మాత్రమే రాస్తాను. నాడి ఎందుకంటే, జ్వరం పెరిగితే నాడి వేగం కూడా పెరగాలి. టైఫాయిడ్ లాంటి కొన్ని జబ్బుల్లో అంతగా పెరగదు, అది ఒక ఆనవాలు. పారాసెటమాల్ వేసుకున్న వేళ రాయకపోతే పుస్తకం మొత్తం దండగ. మాత్ర వల్ల దిగిందో దానంతటది దిగిందో ఎవరూ చెప్పలేరు. గడియారం చూసుకుని మాత్రలు మింగితే జ్వరం తీరే కనిపించకుండా పోతుంది కనుక, డాక్టరు గారిని అడిగి, ఓర్చుకోలేనప్పుడే వేసుకుంటున్నాను. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి నాలుగు గ్రాములు గరిష్ఠ పరిమితి, కాలేయం బాగాలేనివాళ్లకు అంతకంటే తక్కువ. జలుబు మాత్రల్లోనూ అదే మందు కలిసి ఉంటుంది, చీటీ చదవకుండా రెండూ వేసుకునేవాళ్లే ఎక్కువ.

"తగ్గిందా?" అన్న ప్రశ్నకు రోజుకు ఎన్నిసార్లు జవాబు చెప్పగలం? మా అక్కకు ఒప్పజెప్పాను. అందరూ ఆమెకే ఫోను చేస్తారు, ఆమె నాకు చేసి "ఏమే, లేచావా?" అంటుంది. అంకె అడగదు. ఇంతకంటే పెద్ద సాయం ఎవరూ చేయలేదు.

పెట్ స్కాను అయింది. ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజును రక్తంలోకి పంపి, దాన్ని ఏ కణాలు ఎక్కువగా తాగేస్తున్నాయో చూసే పరీక్ష అది. ఎక్కడ అన్నది చెబుతుంది, ఏమిటన్నది చెప్పలేదు. చంకలో ఒక గ్రంథి వెలిగింది. దాన్ని తీసి పరీక్షకు పంపుతారు. ఈ దశకు వచ్చిన వాళ్లెవరైనా ముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: తీసిన ముక్క మొత్తం ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే రసాయనంలో) వేస్తున్నారా, కొంత కల్చర్‌కు విడిగా పంపుతున్నారా? ఫార్మలిన్‌లో వేసిన ముక్కలో క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్ చేయడానికి ఉండదు. క్షయా లింఫోమానా అన్న అనుమానం ఉన్నప్పుడు ఆ రెండో భాగం లేకపోతే మళ్లీ కోత పెట్టాల్సి రావచ్చు. నేను అడిగాను. రెండు భాగాలు చేస్తామన్నారు.

అందులోనూ ఏమీ దొరకకపోవచ్చు. ఎంత వెతికినా కారణం తేలకుండా ఇంటికి పంపినవాళ్లలో ఎక్కువమందికి జ్వరం కాలక్రమంలో దానంతటదే తగ్గిపోయిందని, అలాంటివాళ్లను ఏళ్ల తరబడి గమనించిన వైద్యులు రాశారు. పేరు లేకుండా తగ్గితే వద్దనేంత పంతం నాకు లేదు. కానీ ఈ ఫైలూ నోటుపుస్తకమూ మాత్రం పారేయను. నెలలపాటు ఏమీ లేకుండా ఉండి మళ్లీ వచ్చే జ్వరాలున్నాయి. కుటుంబాల్లో నడిచే మధ్యధరా జ్వరం లాంటివి వచ్చినప్పుడల్లా రెండు మూడు రోజులుండి పోతాయి, మధ్యలో మనిషి పూర్తిగా బాగుంటాడు, ఏళ్లు గడిచినా ఎవరికీ అనుమానం రాదు. రోజూ కోల్చిసిన్ మాత్ర వేసుకుంటే చాలామందికి అది అదుపులో ఉంటుంది. అలాంటివి పట్టుబడేది వచ్చిన తేదీలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే.